పెరటి చెట్టు

పెరటిచెట్టు మందుకు పనికిరాదని మనవారు చెప్పుకొను సామెత మనుష్యులను గూర్చి పుట్టినది. దగ్గఱనున్న పండితుని విడిచి దూరపు పండితుని వెదకికొనువారిని ఎత్తిపొడుచుటకే దానిని వాడుదుము. కాని మేము విజయపురి సౌత్‌లో కాపురము పెట్టి, ఇంటిముందఱ చిన్నతోట వేసికొనవలెనని పూనుకొనిన నాటినుండి, ఆ సామెత చెట్ల విషయముననే అక్షరాల నిజమైనదని మాకు తెలియవచ్చినది. ఆ తెలివి మాకు కొంత నష్టము మీదనే వచ్చినది. ఆ చిన్న కథయు, దాని వెనుకనున్న పెద్ద కథయు చదువరులకు చెప్పదలచితిమి.

విజయపురి సౌత్ పల్నాడు జిల్లా మాచర్ల మండలములోనిది. 2022 ఏప్రిలులో పల్నాడు వేఱు జిల్లా యగువఱకు ఈ ఊరు గుంటూరు జిల్లాలో నుండెడిది. నాగార్జునసాగరము ఆనకట్ట కట్టునపుడు కృష్ణ కుడిగట్టున పనివారికొఱకును ఉద్యోగులకొఱకును వెలసిన కాలనీ యిది. ఎడమగట్టున మఱియొక విజయపురి కలదు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ బయలుదేఱునది ఇచ్చటినుండియే. నాగార్జునకొండ దీవికి లాంచీలు పోవునది ఇచ్చటినుండియే. ఊరు క్రొత్తదే గాని పేరు క్రొత్తది కాదు. నీటి అడుగున మునిగిన ఇక్ష్వాకుల రాజధాని పేరును దీనికి పెట్టిరి.

పల్నాటిసీమను ఎగతాళి చేయు చాటువులు కొన్ని శ్రీనాథుని పేర లోకములో వ్యాపించియున్నవి. సన్నబియ్యమునకు అలవాటుపడిన నాలుకకు ఈ జొన్నసీమ రుచింపకపోవుట వింత కాదు. ఆ చాటువుల ఫలమో, మాచర్ల నాపరాళ్ళ ప్రసిద్ధియో, పల్నాడనగా రాయి, ఎండ తప్ప మఱేమియు లేదనియు, ఇచ్చట పువ్వు పూయవలెనన్న దానిని ఎక్కడినుండియో తెప్పింపవలసినదే యనియు చదువుకొన్న కుటుంబములలో ఒక నమ్మకము పాతుకొనియున్నది. మేమును ఆ నమ్మకముతోనే వచ్చితిమి.

మొదటి యేట ఒక నర్సరీనుండి పచ్చికపలకలను, రంగురంగుల క్రోటన్లను, ప్రహరీవెంట నాటుటకు కోనోకార్పస్ మొక్కలు ఇరువదింటిని తెప్పించితిమి. మొక్కలతో వచ్చిన మనుష్యుడు వీనికి తెగుళ్ళు రావనియు, ఏడాదిలో గోడయెత్తు పెరుగుననియు చెప్పెను. ఆ రెండు మాటలును నిజములే. పచ్చిక సంక్రాంతివఱకు కన్నులపండువుగా నుండెను. ఫాల్గుణము వచ్చినది మొదలు దాని దాహమునకు అంతులేదు. ఎదుట సముద్రమువంటి జలాశయమున్నను ఇంటికి వచ్చునది కుళాయినీరే కదా. ఉదయము పట్టిన నీటిలో వంటకెంత, స్నానమున కెంత, గడ్డికెంత యని ప్రతిదినమును పంచుకొనవలసి వచ్చెను. పంచుకొనవలసి వచ్చెనని వ్రాయుట సులభము. బిందెలు మోసినది మా యింటి స్త్రీలు. తోట అందమును గూర్చి వ్రాయు పెద్దమనుష్యులు ఆ అందమునకు నీరు మోయు చేతులు ఎవరివో సామాన్యముగా వ్రాయరు. మూడవ యేట కోనోకార్పస్ వేళ్ళు మురుగుగొట్టములోనికి చొరబడి దానిని పగులగొట్టినవి. అప్పటికి పచ్చిక చచ్చియే యున్నది.

ఆ దినములలో మా వీథి చివరనుండు వృద్ధురాలొకామె దారిని పోవుచు మా గేటుకడ నిలిచి, "గడ్డికి నీళ్ళు పోసి సాకేవాళ్ళను ఇప్పుడే చూస్తన్నా నాయనా! బఱ్ఱెన్నా లేదే మీకు" అని నవ్వెను. మాకు కొంచెము కోపము వచ్చిన మాట నిజము. తరువాత పరిచయమైనపిమ్మట తెలిసినది, ఆమె మునిగిపోయిన లోయలోని కుటుంబమునకు క్రొత్తగా వచ్చిన కోడలట. ఊరు విడుచునపుడు అత్తగారు సామానుతోపాటు కరివేప పిలకనొకదానిని తడిగోనెలో చుట్టి తెచ్చెనట. ఆ పిలక సంతానము ఇప్పటికిని ఆమె దొడ్డిలో స్నానపునీరు పాఱుచోట నున్నది. దానికెవ్వరును ప్రత్యేకముగా నీరు పోయరు.

ఇక పెద్దకథ. 1926లో మద్రాసు శాసనశాఖకు చెందిన ఏ. ఆర్. సరస్వతిగారు నాగార్జునకొండ లోయలోని శిథిలములను లోకమునకు తెలియజేసిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించెను. ఆనకట్ట నిశ్చయమైన తరువాత, నీరు వచ్చులోపల చూడగలిగినంత చూడవలెనని 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున లోయయంతయు త్రవ్విరి. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు మొదలగు ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అట్లు బయటపడినది. స్తూపములు, విహారములు, దేవాలయములు, స్నానఘట్టము, ఆటలు చూచుటకు మెట్లతో కట్టిన రంగస్థలము, ఇవియన్నియు చదువరులు వినియేయుందురు. మాకు ఇచ్చట కావలసినది వానిలో ఒక శాసనము.

వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనమది. ఆమె రాణి కాదు. గృహస్థుల యింటి ఆడుబిడ్డ, గృహిణి. ప్రాకృతమున నున్న ఆ శాసనమున ఆమె చైత్యగృహమొకటి కట్టించిన సంగతి చెప్పి, అంతకుముందు ఏయే చోటుల ఏమేమి కట్టించెనో వరుసగా చెప్పినది. ఒకచోట భిక్షువులకు గదులు, ఒకచోట రాతిమండపము, పూర్వశైలమున చెఱువు, పుప్ఫగిరి యనుచోట మండపము. పుప్ఫగిరి యనగా పూలకొండ. ఆ పట్టికలోనే సింహళ విహారమున బోధివృక్షమునకు ప్రాసాదము కట్టించినట్లున్నది. అనగా చెట్టుకు ఇల్లు. సింహళదేశపు భిక్షువులుండు చోట, వారు ప్రాణముగా నెంచు రావిచెట్టుకు, తెలుగుదేశపు గృహిణి యొకతె తన సొమ్ముతో ఆవరణము కట్టించి, చెఱువులతోడను మండపములతోడను సమానముగా దానిని శాసనములో లెక్కించుకొన్నది. మన చరిత్రలో రాజులు నాటించిన తోటలను గూర్చి చదివితిమి గాని, గృహిణి యొకతె చెట్టును కట్టడముగా భావించిన యిట్టి ఉదాహరణము మా కంటబడుట ఇదియే మొదటిసారి.

ఆ చెట్టేది? ఎక్కడనో హిమాలయమున మాత్రమే పెరుగు అపురూపవృక్షము కాదు. మన రచ్చబండమీది రావి. బౌద్ధుల దీర్ఘనికాయములో గడచిన బుద్ధుల పేళ్ళును, వారు బోధినొందిన చెట్ల పేళ్ళును ఉన్నవి. విపశ్యికి పాటలి, శిఖికి మామిడి, విశ్వభువునకు సాలము, క్రకుచ్ఛందునకు శిరీషము, కనకమునికి ఉదుంబరము, కాశ్యపునకు న్యగ్రోధము, గౌతమునకు అశ్వత్థము. సంస్కృతనామములు వినినంతనే ఇవి దేవలోకపు చెట్లవలె తోచును. తెలుగున చెప్పికొనినచో కలిగొట్టు, మామిడి, దిరిసెన, మేడి, మఱ్ఱి, రావి. సాలమొక్కటి తప్ప తక్కినవన్నియు మన సీమలో నడచుచు చూడదగిన చెట్లే. సాలము, అనగా గుగ్గిలపుచెట్టు, మనకు ఉత్తరాంధ్రపు అడవులలో గాని కానరాదు. నాగార్జునకొండ శిల్పములలో మాయాదేవి కొమ్మ పట్టుకొని నిలిచిన లుంబినీఘట్టము ఉన్నది. ఆ కొమ్మ సాలపుకొమ్మ కావలెను. పల్నాటి శిల్పి తాను చూడని చెట్టును చెక్కుటకు తాను చూచిన దేనినో మనసున పెట్టుకొనియుండునని మా ఊహ. ఊహయే, ప్రమాణము కాదు.

ఇక్ష్వాకులకు ముందు ఈ దేశమేలిన శాతవాహనులలో హాలుని పేరున వెలసిన గాథాసప్తశతిలో ఒక గాథ, వసంతమున నేలను కప్పిన మోదుగుపూలను బుద్ధుని పాదములకడ వ్రాలిన భిక్షుసంఘముతో పోల్చినది. మాఘఫాల్గుణములలో మాచర్లనుండి ఎత్తిపోతల వైపు పోవువారు ఆ పోలికను కన్నులార చూడవచ్చును. ఆకు ఒక్కటియు లేని కొమ్మలనిండ కాషాయమే. మేము ఆ దారిని ఎన్నిసార్లు పోయియుంటిమో లెక్కలేదు. అది తోటలో నాటదగిన చెట్టని మాకు ఎన్నడును తోచలేదు. విస్తళ్ళు కుట్టుకొను మోదుగాకు అడవిది, తోటలోనిది క్రోటను. సామెత ఊరక పుట్టలేదు.

నీరు వచ్చునపుడు లోయలోని తొమ్మిది ముఖ్యమైన కట్టడములను విప్పి ఎగువన మఱల కట్టిరి. పదునాలుగింటికి నమూనాలు చేసి నిలిపిరి. అనుపులో నేడు యాత్రికులు చూచు రంగస్థలము అట్లు మఱల కట్టబడినదే. ఇది మన దేశపు పురావస్తుశాఖ చేసిన ఘనకార్యములలో నొకటి. దానిని తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. అయినను చెట్టును రాయివలె విప్పి మఱల కట్టుటకు వీలులేదు. లోయలోని ఊళ్ళ దొడ్లు, బావిగట్లు, పొలిమేర చెట్లు మునిగినవి. చెట్టు నీడలేని క్రొత్త కాలనీలో, అందఱును వేర్వేఱు ఊళ్ళనుండి వచ్చినవారే యైనచోట, తోటలు మఱల మొదటినుండి మొదలైనవి. ఏ చెట్టు ఎక్కడ పెట్టవలెనో చెప్పు పెద్దలు అందఱి ఇండ్లలోను లేరు. అప్పుడు చూడచక్కనిది, త్వరగా పెరుగునది, మేకలు తిననిది కావలసి వచ్చినది.

అట్లు వచ్చిన వానిలో కాగితపుపూల తీగ యొకటి. బూగెన్‌విల్‌యను ఫ్రెంచి నావికునితో భూప్రదక్షిణము చేయుచుండిన కామెర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1767లో బ్రెజిలు తీరమున దానిని చూచెను. గుల్‌మొహరు మడగాస్కరునుండి వచ్చినది. లాంటానా అమెరికా ఖండపుది. పందొమ్మిదవ శతాబ్ది తొలిదినములలో కలకత్తా వృక్షోద్యానమున అందముకొఱకు నాటిరి. ఆ అందము నేడు నల్లమలలో అడవిజంతువులు మేయు గడ్డిని కప్పివేయుచున్నది. అన్నిటికంటె మన ఆంధ్రదేశమునకు దగ్గఱిది సర్కారుతుమ్మ కథ. మద్రాసు అటవీశాఖవారు జమైకానుండి విత్తనములు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురమున నాటించిరి. కట్టెలకొఱత తీర్చుట వారి సంకల్పము. ఆ కొఱత తీఱిన మాటయు నిజమే; బీదయిండ్లలో ఎన్ని పొయ్యిలు దానివలన మండినవో చెప్పలేము. ఆ మేలును మఱచిపోయి దానిని తిట్టుట న్యాయము కాదు. కాని చెఱువుగర్భములు, వాగులు, బీళ్ళు దాని పాలైనవి. దాని క్రింద మఱియొక మొక్క లేవదు. పేరులోనే సర్కారున్నది, ఎవరు తెచ్చిరో జనము మఱువలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. దేశవాళి, పరదేశి యని చెట్లకు కులములు కట్టుట సంస్కారవంతులు చేయవలసిన పనియేనా? న్యాయమైన ప్రశ్న. గుంటూరుసీమ కీర్తికి మూలమైన మిరపయే అమెరికానుండి పోర్చుగీసువారితో వచ్చినది. గొబ్బెమ్మమీది గుమ్మడిపువ్వు, దసరా తోరణములోని బంతిపువ్వు రెండును అమెరికావే. మన పులుసునకు ప్రాణమైన చింత ఆఫ్రికానుండి, చరిత్రకు అందని కాలమున వచ్చినదని శాస్త్రజ్ఞుల మాట. అశోకుని మాట వినుడు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండమీది రెండవ శాసనమున ఆయన, మనుష్యులకును పశువులకును పనికివచ్చు ఓషధులు లేనిచోటులకు వానిని తెప్పించి నాటించితి ననియు, దారులవెంట నూతులు త్రవ్వించి చెట్లు నాటించితి ననియు చెప్పికొన్నాడు. తెప్పించుట పాపమైనచో మొదటి పాపి ఆయనయే.

మాకు తోచినదేమనగా, పుట్టిన దేశము ఒక్కటే గుర్తు కాదు. వచ్చిన చుట్టము ఇంట కలిసి పని చేసికొనుచున్నదా, లేక ఇంటివారిని వీథిలోనికి నెట్టుచున్నదా యని చూడవలెను. చింత మన గాలివానలకు, మన పక్షులకు, మన వంటయింటికి అలవాటై అడవిని మ్రింగక వందలయేండ్లు బ్రదికినది. లాంటానాయు సర్కారుతుమ్మయు అట్లు చేయలేదు. అశోకుడు తెప్పించినది రోగికిని పశువునకును పనికివచ్చునది. మేము తెప్పించినది మురుగుగొట్టమును పగులగొట్టినది. కోనోకార్పస్ సోమాలియా, ఎమెను తీరములది. 2023లో గుజరాతు ప్రభుత్వము దానిని నాటరాదని నిషేధించినది. ఆ వార్త పత్రికలో చూచునప్పటికి మా గొట్టము బాగుచేయించి చాలకాలమైనది.

మనవానిని మనము చూడకపోవుట మనకు మాత్రమే పట్టిన జాడ్యము కాదు. బ్రెజిలు దేశపు ఉద్యానశిల్పి రొబెర్తో బుర్లే మార్క్స్ యౌవనమున 1928 ప్రాంతమున చదువునకై బెర్లిను వెళ్ళెను. అచ్చటి డాలెం వృక్షోద్యానపు గాజుగృహములలో తన దేశపు మొక్కలను చూచి, తన ఊరి తోటలలో ఎవ్వరును నాటని వాని అందమునకు ఆశ్చర్యపడెనట. తిరిగివచ్చి జీవితమంతయు ఆ మొక్కలతోనే తోటలు కూర్చెను. అప్పటివఱకు బ్రెజిలులో ధనవంతుల తోటలు ఐరోపాకు నకళ్ళుగా నుండెడివి. మనము ఎగబడి తెచ్చుకొను కాగితపుపూలు అతనికి పెరటిచెట్టన్నమాట!

మనకు బెర్లిను అక్కఱలేదు. 1781 మొదలు సామర్లకోటలో నుండి మన చెట్లను పరిశీలించిన రాక్స్‌బరో దొర, వానిని తెలుగు పేళ్ళతోనే వ్రాసికొనెను. మన చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధ్యక్షుడై పోయిన తరువాత ఆ బొమ్మలు మున్నూఱు 1795 మొదలు 1820 వఱకు లండనులో మూడు సంపుటములుగా వెలువడినవి. మన కొండలలో సోమిద యను చెట్టున్నది. దాని చేదుబెరడు జ్వరమునకు పనికివచ్చునేమోనని ఆయన విచారించెను. ఆ తెలుగుపేరే తరువాత లాటినుశాస్త్రనామమైనది. శాస్త్రజ్ఞులు లోకమంతట పలుకు ఆ పేరును, ఆ చెట్టున్న కొండక్రింద కాపురమున్న మేము మొన్నటివఱకు వినలేదు. రెప్పాల ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని పరీక్షించి వ్రాసినవాడును ఆయనయే. కుంపిణీవారి చూపు లాభముమీదనే యుండెననుట నిజము. అయినను చూచెను.

మన యింటిలో మాత్రము ఈ జ్ఞానము లేకుండెనా? వినాయకచవితి ఇరువదియొక్క పత్రములను తలచుకొనుడు. మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతము, దానిమ్మ, దేవదారు, మరువము, వావిలి, జాజి, గండకి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. పూజ చేయుట, మానుట ఎవరి నమ్మకము వారిది. మేము చూచునది దానిలోని బడి. వానకాలపు నడుమ పిల్లలను పొలముగట్లకు తోలి, చెట్టు, పొద, తీగ, గడ్డి అను భేదము చేతితో తెలిసికొనజేయు పరీక్ష యది. హిమాలయపు దేవదారును, పారశీకపు దానిమ్మయు అందుండుట చూడగా ఆ పట్టిక కూర్చినవారికి సరిహద్దులపై పట్టుదల లేకుండెనని తోచును. నేడు అంగడిలో కొన్న కట్టలో ఏ ఆకులున్నవో అమ్మువాడును కొనువాడును అడుగరు. మా యింట నలుగురు చదువుకొన్నవారము కలిసి ఇరువదియొకటిలో తొమ్మిదింటిని గుర్తింపగలిగితిమి. ఆ వృద్ధురాలు, సంతకము చేయుట రానిది, పదునెనిమిదింటిని గుర్తించినది. తక్కిన మూడింటిలో దేవదారొకటి. దానిని ఆమె చూడకపోవుట ఆమె తప్పు కాదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. తంగేడు, జిల్లేడు, ఉమ్మెత్త, వెంపలి వంటివి తోటకు తగవని మనమనుకొనుటలో అందముకంటె అంతస్తు ఎక్కువ పనిచేసినది. తంగేడు చెక్కతో తోళ్ళు పదునుచేయువారు ఊరికి వెలుపల నుండిరి. ఆ చెట్టును వెలుపలనే యుండవలెనని మన మనస్సు నిర్ణయించినది. కృష్ణ కావలియొడ్డున తెలంగాణమువారు అదే తంగేటిపూవును బతుకమ్మలో తలమీద పెట్టుకొని ఆడుదురు. పువ్వు ఒకటే, ఏఱు ఒకటే.

ఇక ఇల్లు కట్టుకొని తోట వేయువారు ఏమి చేయవచ్చునో మా అనుభవముకొలది చెప్పెదము. మొదట నీడ. పల్నాటి యింటికి శత్రువు పడమటి ఎండ. ఆ దిక్కున వేపయో కానుగయో ఉండవలెను. రెండును ఎండ ముదురునప్పటికి క్రొత్త ఆకు వేయును. వేప ఉగాదిపచ్చడికి పూవునిచ్చును. కానుగ రాల్చిన ఆకు పాదునకు ఎరువగును. బోధిసిరి చెట్టని మురిసి రావిని ఇంటిదగ్గఱ నాటరాదు, మఱ్ఱియు అంతే. వాని వేళ్ళు గోడలను చీల్చును, వాని చోటు చెఱువుగట్టు, బడి ఆవరణము. కంచెకు వావిలి, అడ్డసరము, గోరింట చాలును. మొదటి రెండింటిని మేకలు ముట్టవు. ఇంటి స్త్రీలకు దగ్గుమందు, కాపడపు ఆకు, చేతులకు ఎఱ్ఱదనము ఆ కంచెలోనే దొరకును. గుమ్మముదగ్గఱ పారిజాతము. నల్లమల రాతికొండలమీద పెరుగు చెట్టది, నాపనేలకు జంకదు. వానలు వెనుకబట్టునప్పుడు తెల్లవాఱుసరికి వాకిలినిండ పూలు రాల్చును. కొంచెము పెద్ద ఆవరణమున్నచో పొగడ, రేల, బిక్కి. నాపరాయి పైకి తేలిన మూలను తంగేటికి వదలవలెను. తంగేటిని నర్సరీనుండి కొనుటకంటె విత్తనము చల్లుట మేలు. దానివేరు లోతునకు పోవునది, కదలించిన అలుగును. రేలవిత్తు పెంకు గట్టిది. రాతిమీద కొంచెము అరగదీసి నానబెట్టినగాని మొలవదు. మోదుగువిత్తులను కాయ పండిన యేడే తొలకరికి నాటవలెను.

ఒక కష్టమున్నది, దాచము. మన అడవిచెట్లు వేసవి ముందఱ ఆకు రాల్చును. నీరులేని కాలమున ఆకులు ఉంచుకొనుట చెట్టునకు దండుగ. అది దాని పొదుపు. నెలపాటు మోడై నిలుచును. ఏడాది పొడుగునను పచ్చగానుండు తోటనే తోటయని నేర్చుకొన్న కన్నులకు ఇది చావువలె కనబడును. తొందరపడి కొట్టించినవారిని ఎఱుగుదుము. కాని ఆ మోడుమీదనే మోదుగు కాషాయమును, బూరుగు ఎఱుపును, కొండగోగు పసుపును వచ్చును. ఆకుల పచ్చదనమున్నచో ఆ రంగు అట్లు కనబడదు. పల్నాటి తోటకు బోసికాలమొకటి ఉండవలెను. దానిని ఒప్పుకొన్నవారికి బిందెలు సగము తగ్గును.

పిల్లలున్న యిండ్లవారికి వేఱొక లాభము. కరివేపమీదను మారేడుమీదను ఒకజాతి సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టును, జిల్లేటిమీద మఱియొకజాతి, తంగేటిమీదను రేలమీదను పచ్చని రెక్కలవి. పురుగు ఆకును తినుచున్నదని మందు చల్లువారు సీతాకోకచిలుక రాలేదని విచారింపరాదు. మా కుమార్తె కరివేపకొమ్మను సీసాలోపెట్టి పురుగు గూడు కట్టుకొనుటయు రెక్కలతో వచ్చుటయు ఇంటనే చూచినది. ఆమె బడిపుస్తకములో ఆ పాఠము చదివినది తరువాతి సంవత్సరమున.

మొక్కలు ఎక్కడ దొరకును అని అడుగుదురు. తూర్పుగోదావరి కడియమువంటి చోట లక్షలకొలది మొక్కలు పెంచు నేర్పరులున్నారు. అడిగినవారికి అడిగినది పెంచుదురు. ఇంతవఱకు మనమడిగినది క్రోటను. అటవీశాఖ నర్సరీలలో కానుగ, వేప, రేల తఱచుగా దొరకును. బిక్కి, సోమిద అడుగుడు, లేవందురు. పదిమంది అడిగినచో పెట్టుదురు. అడవిలోనికి పోయి పెఱికి తేవలదు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యపు అంచు. అందులో మొక్క పీకుట చట్టవిరుద్ధము. అంతకంటె, ఒక పెరడు నింపుటకు ఒక కొండను బోసిచేయుట మా వాదమునకే విరుద్ధము.

కోనోకార్పసులను క్రిందటి వేసవిలో కొట్టించి మొదళ్ళు త్రవ్వించితిమి. రెండుదినముల పని పట్టినది. తొలకరికి ఆ గుంటలలో వావిలికొమ్మలు గ్రుచ్చితిమి. పచ్చిక చచ్చినచోట మోదుగువిత్తులు పది నాటగా నాలుగు మొలచినవి. ఒకదానిని పక్కింటి కోడి తవ్వివేసినది. కరివేప పిలకను మాత్రము ఆ వృద్ధురాలే తన దొడ్డినుండి తడిగోనెలో చుట్టి తెచ్చి, మా స్నానపునీటి కాలువగట్టున తన చేతితో నాటిపోయినది. మేము చెంబుతో నీరు తేబోగా చేయి అడ్డుపెట్టి, "ఎక్కువ పొయ్యమాకండి నాయనా, కుళ్ళుద్ది" అన్నది.